కుషికాత్సు ఎక్కడ తినాలి? ఐదు రకాల కొట్లు, ఎవరికి ఏది నప్పుతుంది

ఒసాకా చూడడానికి వచ్చే బంధువులకో మిత్రులకో కుషికాత్సు తినిపించాలనుకున్న ప్రతిసారీ నాకు ఒకటే తర్జనభర్జన. వెదురు పుల్లకు మాంసమో, చేపో, కూరగాయ ముక్కో గుచ్చి, గోధుమపిండి జారులో ముంచి, సన్నటి రొట్టె పొడి పట్టించి నూనెలో వేయించే ఈ వంటకం చూపుకు అన్ని చోట్లా ఒకేలా ఉంటుంది గాని, దాన్ని అమ్మే కొట్లకు మాత్రం ఒకదానితో ఒకదానికి పొంతన ఉండదు. ఒకచోట పక్కవారి భుజం తగులుతుండగా బల్ల ముందు ఇరుక్కుని కూర్చుని అరగంటలో లేచిపోవాలి. మరొకచోట బాణలి మన బల్లలోనే అమర్చి ఉంటుంది. ఇంకొకచోట మనం నోరు విప్పి ఏమీ అడగకుండానే పుల్ల తరువాత పుల్ల ముందుకు వచ్చి వాలుతుంది. కాబట్టి మంచి కొట్టు ఏదని వెదకడానికి ముందు, వెళ్లేవారిలో ఎవరెవరున్నారో, వారు ఏం తినరో, ఎంతసేపు కూర్చోగలరో తేల్చుకుంటే పని సులువవుతుంది.

పేర్ల గురించి ఒక మాట. జపాను భాషలో ‘కుషి’ అంటే పుల్ల, ‘కాత్సు’ అనేది కట్లెట్ అన్న మాట అరిగి అరిగి మిగిలిన రూపం, ‘అగె’ అంటే నూనెలో వేయించినది. బోర్డు మీద ‘కుషికాత్సు’ అని ఉంటే సాధారణంగా అది చవకగా, తొందరగా, సాస్‌లో ముంచుకుని తినే చోటు. ‘కుషియాగె’ అని ఉంటే తీరికగా, ఒక వరుస ప్రకారం వడ్డించే చోటు అయ్యే అవకాశం ఎక్కువ. టోక్యో వైపు పాతకాలపు కుషికాత్సు అంటే పంది మాంసమూ ఉల్లిపాయ ముక్కలూ ఒకదాని తరువాత ఒకటి గుచ్చిన లావుపాటి పుల్ల. నాగోయాలో దాన్ని చిక్కటి ఎర్ర మిసోలో (సోయా గింజలను పులియబెట్టి చేసే ముద్ద) ముంచి ఇస్తారు. ఇక్కడ నేను పోలుస్తున్నది ఒసాకా పద్ధతిని, దాని నుంచి పుట్టిన కొట్లను మాత్రమే.

## ముందుగా చూసుకోవలసినవి

నూనె. మన తెలుగువారిలో చాలామందికి మొదటి ప్రశ్న ఇదే కావాలి, కాని ఎక్కువమంది ఆఖరున అడుగుతారు. పాత పద్ధతి కొట్లలో చాలావాటిలో వేయించేది గొడ్డు కొవ్వులోనో, పంది కొవ్వులోనో, వాటిని కూరగాయల నూనెతో కలిపిన మిశ్రమంలోనో. పుల్ల పైన కరకర, లోపల తేమ, చల్లారినా పోని ఆ బరువైన కమ్మదనం అన్నీ ఆ కొవ్వు చలవే. తామర దుంప ముక్క అడిగినా, వంకాయ ముక్క అడిగినా అది వేగేది అదే బాణలిలో. అందుచేత పట్టిక చూసి కూరగాయల పుల్లలు పది రకాలున్నాయని సంతోషించడానికి ముందు ‘అబురా వా నన్ దెసు కా’ (నూనె ఏమిటండీ) అని అడగాలి. జవాబులో ‘గ్యూషి’ అని గాని ‘హెత్తో’ అని గాని వినిపిస్తే అది గొడ్డు కొవ్వు. ‘రాదో’ అంటే పంది కొవ్వు. ‘షొకుబుత్సుయు’ అంటే కూరగాయల నూనె. పై జారుపిండిలో కోడిగుడ్డు సాధారణంగా ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మాంసం తింటారు గాని గొడ్డు మాంసం తినరు అన్నవారికి ఇంకొక చిక్కుంది. ఒసాకా ప్రాంతంలో ‘నికు’ (మాంసం) అని ఊరికే అంటే గొడ్డు మాంసమనే అర్థం. పంది మాంసమైతే విడిగా ‘బుత’ అని చెప్పాలి. అందుకే జపానులో మిగతాచోట్ల ‘నికుమాన్’ అనే ఆవిరి బన్నును ఇక్కడ ‘బుతమాన్’ అంటారు. గుంటూరు నుంచి వచ్చిన ఒక మిత్రుడిని మొదటిసారి ఒక కొట్టుకు తీసుకువెళ్లినప్పుడు నాకు ఈ సంగతి తెలియదు. పట్టికలో చికెన్ విడిగా, పంది విడిగా, ‘నికు’ విడిగా ఉంటే, అదేదో కలగలుపు మాంసం కాబోలనుకుని నేనే మూడు పుల్లలు చెప్పాను. ఆయన ఒకటి తిని, బాగుంది, ఇది ఏమిటని అడిగాక గాని నేను వంటవాడిని అడగలేదు. వంటవాడు రెండు చూపుడు వేళ్లు తల మీద కొమ్ముల్లా పెట్టి చూపించాడు. మిత్రుడు ఏమీ అనలేదు. మంచినీళ్లు తాగి, మిగిలిన రెండు పుల్లలను నా పళ్లెంలోకి జరిపి, ఉల్లిపాయ పుల్ల ఒకటి చెప్పమన్నాడు. ఆ ఉల్లిపాయ ఏ నూనెలో వేగిందో చెప్పే ధైర్యం ఆ పూట నాకు లేకపోయింది. అప్పటినుంచి ఎవరిని తీసుకువెళ్లినా కూర్చోగానే ‘గ్యూనికు వా తాబెరారెమసెన్’ (గొడ్డు మాంసం తినలేం) అని చెప్పేస్తాను.

సాస్. ‘రెండోసారి ముంచరాదు’ అన్న హెచ్చరిక ఒసాకా కుషికాత్సు కొట్ల గోడల మీద పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. బల్ల మీద నలుగురికీ కలిపి పలుచటి సాస్ ఉన్న స్టీలు పాత్ర ఒకటే ఉండేది కనుక, కొరికిన పుల్లను మళ్లీ అందులో పెట్టకూడదన్నది నియమం. విదేశీయులకు దీన్ని వివరించడానికి అక్కడివారు బొమ్మలు గీస్తారు. మనకైతే ‘ఎంగిలి’ అన్న ఒక్క మాట చాలు. సాస్ చాలకపోతే ఉచితంగా ఇచ్చే పచ్చి క్యాబేజీ ముక్కతో, అదీ కొరకని ముక్కతో, కాస్త తోడి పుల్ల మీద పోసుకోవాలి. 2020 తరువాత చాలా కొట్లు ఉమ్మడి పాత్ర తీసేసి సీసాలు పెట్టాయి. ఈ మార్పు వల్ల పాత సరదా పోయిందని అక్కడివారు కొందరు నొచ్చుకుంటారు గాని, గొడ్డు మాంసం తినని వారికి సీసాయే మేలు: ఉమ్మడి పాత్రలో పక్కవారి ‘నికు’ పుల్లలు కూడా మునిగి ఉంటాయి కదా.

ఆపేది ఎవరు. పుల్ల చిన్నది, రెండు కొరుకుల్లో అయిపోతుంది, తిన్నట్టే ఉండదు. బిల్లు పెరిగేదీ, కడుపు బరువెక్కేదీ ఇక్కడే. కొన్నిచోట్ల మనం అడిగినప్పుడే వస్తాయి, కొన్నిచోట్ల గడియారం ఆపుతుంది, కొన్నిచోట్ల మనం ఆపమనేదాకా వస్తూనే ఉంటాయి. మీకు లేదా మీ అతిథికి వీటిలో ఏది నప్పుతుందన్నది రుచికన్నా పెద్ద ప్రశ్న.

ఇక కూర్చునే తీరు, భాష, నగదు, పొగ వంటివి ఒక్కో రకం దగ్గర చెబుతాను. ముందు మొత్తం ఒకచోట చూడండి. ఖర్చు ఒక్కరికి, ఒక పానీయంతో కలిపి, సుమారుగా వేసినది. 100 యెన్లంటే 55–60 రూపాయలనుకుంటే లెక్క అందుతుంది.

| రకం | నూనె మీద మన అదుపు | ఆపేది ఎవరు | పట్టే సమయం | ఖర్చు (యెన్లు) |
|---|---|---|---|---|
| పాత కౌంటర్ కొట్టు | దాదాపు లేదు | మనమే | 30–60 నిమిషాలు | 2000–3000 |
| నిలబడి తినే కొట్టు | లేదు | మనమే, పుల్లలు లెక్కపెట్టి | 15–30 నిమిషాలు | 1000–1800 |
| శాఖలున్న ఇజకాయా (మద్యంతో పాటు తిండీ పెట్టే కొట్టు) | అడిగి తెలుసుకోవచ్చు | మనమే | 90–120 నిమిషాలు | 2500–3500 |
| స్వయంగా వేయించుకునే బఫే | అన్నిటికన్నా ఎక్కువ | గడియారం | 70–90 నిమిషాలు | 2000–3500 |
| ఒమకాసె (ఎంపిక వంటవానికే వదిలేసే) కుషియాగె | ముందే చెబితే కొంత | ‘ఆపండి’ అన్న మన మాట | 90–120 నిమిషాలు | 5000–10000, ఆ పైన |

## పాత కౌంటర్ కొట్లు

ఒసాకా దక్షిణాన ఉన్న షిన్‌సెకాయ్ పేట 1912లో, ఒక సగం పారిస్‌ను, మరొక సగం న్యూయార్క్ కోనీ ఐలాండ్‌ను తలపించాలన్న ఆలోచనతో తెరుచుకుంది. నడుమ నిలబెట్టిన త్సూతెన్‌కాకు గోపురం యుద్ధకాలంలో అగ్నిప్రమాదానికి గురై 1943లో విప్పివేయబడగా, ఇప్పుడు కనిపించేది 1956లో కట్టినది. చుట్టుపక్కల కూలిపని చేసుకునేవారికి చవకగా, త్వరగా, వేడిగా కడుపు నింపే తిండి కావాలి. కుషికాత్సు ఈ పేటలో ఆ అవసరం మీదే నిలదొక్కుకుంది. ఇప్పుడు ఊరంతా శాఖలున్న దరుమా ఇక్కడే 1929లో ఒక చిన్న కొట్టుగా మొదలైంది. గోపురం నుంచి కొద్ది దూరంలో, ఒకప్పటి షామిసెన్ వాయిద్యపు ‘జన్ జన్’ మోత మీదుగా పేరు పడ్డ జన్‌జన్ యోకొచో అనే సందులో యాఎకాత్సు, తెంగు వంటి కొట్ల ముందు సెలవు రోజుల్లో బారులు తీరిన జనం కనిపిస్తారు.

ఇక్కడి బల్ల దగ్గర కూర్చుంటే వంట అంతా కళ్లెదుటే జరుగుతుంది. వంటవాడు ఒక చేత్తో ఐదారు పుల్లలను విసనకర్రలా పట్టుకుని జారుపిండిలో ఒక్క ముంచు ముంచి, రొట్టె పొడిలో అదిమి, తిప్పి మళ్లీ అదిమి, బాణలి అంచు మీదుగా జారవిడుస్తాడు. పెద్ద పెద్ద బుడగలు సన్నబడి, చప్పుడు మారిన క్షణంలో తీసేస్తాడు. మన బజ్జీల బండి దగ్గర చెవితోనే వేపుడు పసిగట్టే చేతివాటం ఉన్నవారిని చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. తేడా పై పూతలో ఉంది. శనగపిండి బజ్జీ పూత తనంతట తానే ఒక రుచి. కుషికాత్సు పూతకు సొంత రుచి తక్కువ, లోపలి ముక్కను ఆవిరి మీద ఉడికించినట్టు కాపాడి, పైన సాస్‌ను పట్టి ఉంచడమే దాని పని. అందుకే అది పలుచగా ఉన్నకొద్దీ కొట్టుకు పేరు.

ఒకేసారి పది పుల్లలు చెప్పడం ఇక్కడ కొత్తవారు చేసే పొరపాటు. నాలుగేసి చొప్పున చెప్పి, వేడి తగ్గకముందే తిని, మళ్లీ చెప్పాలి. మొదటి విడతలో తామర దుంప (రెన్‌కొన్), ఉల్లిపాయ, రొయ్య, ఎర్ర అల్లం తీసుకోమంటాను. ఈ ఎర్ర అల్లం, అంటే బెని షోగా, ఉమె పండ్లను ఉప్పులో ఊరవేస్తే వచ్చే పుల్లటి రసంలో ఊరిన అల్లం బద్ద. దాన్ని ఇలా వేయించి తినడం ఒసాకా వైపు తప్ప పెద్దగా కనిపించదు. అల్లం ఊరగాయను బజ్జీ వేసినట్టుండే ఆ పులుపూ ఘాటూ మన నాలుకకు మొదటి కొరుకుకే చుట్టరికం కలుపుతాయి. సాస్ అవసరం లేని పుల్ల అదొక్కటే అని నా అభిప్రాయం. పక్కన కుండలో ఉడుకుతూ కనిపించే దొతెయాకి మాత్రం గొడ్డు నరాల మాంసాన్ని మిసోలో ఉడికించినదని తెలిసి తీసుకోవాలి.

ఒక్కరు గాని ఇద్దరు గాని అయితే, తిండి విషయంలో పట్టింపులు లేకపోతే, ఈ కొట్టును మించినది లేదు. నలుగురికి మించితే పక్కపక్కన చోటు దొరకదు. పిల్లల బండి పెట్టుకునే జాగా ఉండదు. తినడం అయ్యాక కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటే బయట నిలబడ్డవారి చూపులు వీపుకు తగులుతాయి. కొన్ని కొట్లు ఇప్పటికీ నగదే తీసుకుంటాయి. శని, ఆదివారాల సాయంత్రం వెళ్లేకన్నా మామూలు రోజున మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్లడం సుఖం.

## నిలబడి తినే కొట్లు

ఒసాకాలోని ఉమెదాలో రైలు పట్టాల కింద ఉన్న షిన్ ఉమెదా షొకుదోగాయ్ వంటి చోట్ల ఇవి కనిపిస్తాయి. వేయించిన పుల్లలను బల్ల మీది పళ్లేల్లో పేర్చి ఉంచుతారు. కావలసినది మనమే తీసుకోవడం, తిన్న పుల్లలు దగ్గర ఉంచుకోవడం, చివర వాటిని లెక్కపెట్టి డబ్బు ఇవ్వడం. రైలుకు ఇరవై నిమిషాల వ్యవధి ఉన్నవారికి బాగుంటుంది. భాష రానివారికి కూడా ఇబ్బంది లేదు, వేలితో చూపించే పని కూడా ఉండదు. కాని పళ్లెంలో ఉన్న పుల్ల పూత కింద ఏముందో పైకి తెలియదు కనుక, తిండి నియమాలున్నవారు ఇటు రాకపోవడమే మంచిది.

## శాఖలున్న ఇజకాయాలు

ఈ రకానికి బాగా తెలిసిన ఉదాహరణ కుషికాత్సు తనాకా. ఒసాకా సంప్రదాయ రుచి అని బోర్డు మీద రాసుకునే ఈ సంస్థ మొదటి కొట్టు 2008లో తెరిచింది టోక్యోలోని సెతగాయాలో. ఒసాకావారి ముందు ఈ మాట ఎత్తితే ఒక చిరునవ్వు ఖాయం. అయితే వంట పద్ధతి మాత్రం సంస్థాపకుల్లో ఒకరి తండ్రి, ఒసాకా మనిషి, కాగితం మీద రాసి దాచుకున్నదని వారు చెబుతారు.

వీటి బలం పుల్లలో కన్నా వసతిలో ఉంది. బొమ్మలున్న పట్టిక, ఆరుగురు ఎదురెదురుగా కూర్చోగల బల్లలు, పిల్లలకు చోటు. తనాకా 2018 జూన్‌లో దాదాపు అన్ని శాఖల్లోనూ పొగతాగడం నిలిపివేసింది. ఇజకాయాలలో పొగ అలవాటున్న రోజుల్లో అది కుటుంబాలను లోపలికి తెచ్చిన నిర్ణయం. పెద్దల వినోదానికి పాచికల ఆట ఒకటి ఉంది: విస్కీ సోడా చెప్పి రెండు పాచికలు వేస్తే, రెండూ ఒకే అంకె పడితే ఉచితం, మొత్తం సరిసంఖ్య అయితే సగం ధర, బేసి అయితే రెండింతల గ్లాసు రెండింతల ధరకు. ఆఫీసు మిత్రులతో వెళ్లినప్పుడు బిల్లు ఎక్కడ పెరిగిందా అని వెదికితే సాధారణంగా ఈ పాచికల దగ్గరే దొరుకుతుంది.

ఇక్కడ గమనించవలసినది మరొకటి: అడగకుండానే చిన్న గిన్నెలో ఏదో తెచ్చిపెట్టి, దానికి మనిషికి కొంత చొప్పున, సుమారు 300 నుంచి 500 యెన్లు, బిల్లులో కలుపుతారు. టోక్యోలో దీన్ని ‘ఒతోషి’ అంటారు, ఒసాకాలో ‘త్సుకిదాషి’. ఇది మోసం ఏమీ కాదు, కూర్చున్నందుకు రుసుము వంటిది. కొన్నిచోట్ల క్యాబేజీయే ఆ రూపంలో వస్తుంది. మద్యం తాగనివారు ఊలాంగ్ టీ చెప్పుకోవచ్చు, ఎవరూ వింతగా చూడరు. పుల్ల రుచి విషయానికి వస్తే, ఏ ఊళ్లో ఏ శాఖకు వెళ్లినా ఒకటే, చెడ్డ పుల్ల రాదు, గుర్తుండిపోయే పుల్లా రాదు.

## స్వయంగా వేయించుకునే బఫేలు

కుషియా మొనొగతారి అనే సంస్థ ఈ రకానికి పేరుపడింది. పెద్ద అంగడి సముదాయాల పై అంతస్తుల్లో ఎక్కువగా ఉంటుంది. ప్రతి బల్ల మధ్యలో విద్యుత్తుతో వేడెక్కే చిన్న బాణలి అమర్చి ఉంటుంది. గోడ పక్కన అరల్లో పచ్చి పుల్లలు వరుసగా ఉంటాయి. కావలసినవి తెచ్చుకుని, జారుపిండీ రొట్టె పొడీ మనమే పట్టించి, ఏది ఎన్ని నిమిషాలు వేగాలో చెప్పే చీటీ చూస్తూ వేయించుకోవాలి. అన్నం, కూర, సలాడ్, చివర పుల్లకు గుచ్చిన పండుముక్క మీద చాక్లెట్ ధార పట్టుకోవడం కూడా ఆ ధరలోనే.

ఆహార ప్రియులు దీన్ని చిన్నచూపు చూస్తారు. మొదటిసారి చేసేవారి చేతిలో పూత మందమై, మధ్యలో పచ్చిగా, అంచున మాడి వచ్చే మాట నిజమే. అయినా మన కుటుంబాలను దృష్టిలో పెట్టుకుంటే నేను మొదట చెప్పేది దీని పేరే. కారణం నూనె. బాణలి మనదే కనుక, మనం కూర్చున్నంతసేపూ అందులో ఏం పడుతుందో మన చేతిలో ఉంటుంది. కొట్టు పోసిన నూనె ఏ రకమో, కొత్తగా పోసినదేనా అన్నది ఒక్కసారి అడిగి తెలుసుకోవాలి. ఇంట్లో సగం మంది శాకాహారులైతే రెండు బల్లలు అడిగి, ఒక బాణలిలో కూరగాయలే వేయించుకోవచ్చు. గుడ్డు కూడా తినని అమ్మమ్మలు ఉంటే పూత లేకుండా ముక్కను నేరుగా వేయించే పద్ధతి ఉంది. జపానీయులు దాన్ని ‘సుయాగె’ అంటారు. గుమ్మడి, వంకాయ, పచ్చిమిరప అలా వేయించి ఉప్పు చల్లుకుంటే పూత లేని లోటు తెలియదు. ముక్కకు తడి లేకుండా కాగితంతో ఒత్తి వేయాలి, లేకపోతే నూనె చిందుతుంది.

ఆ చిందే నూనే దీని లోపం కూడా. కాగిన బాణలి బల్ల మధ్యలో, పిల్లవాడి మోచేతి ఎత్తులో ఉంటుంది. మూడు నాలుగేళ్ల పిల్లలున్నవారు ఒక పెద్దను పూర్తిగా ఆ పనికే కూర్చోబెట్టగలిగితేనే వెళ్లాలి. రెండో లోపం గడియారం: మొదటి ఇరవై నిమిషాలు నేర్చుకోవడానికీ, చివరి పది నిమిషాలు తీపికీ పోగా, నిజంగా తినేది మధ్యలోనే. తెచ్చుకున్నది వదిలేస్తే బాగుండదు. ఇటువంటి చాలా బఫేలలో మిగిల్చినదానికి రుసుము వేస్తామన్న హెచ్చరిక కూడా ఉంటుంది.

## ఒమకాసె కుషియాగె

‘ఒమకాసె’ అంటే మీ ఇష్టానికే వదిలేశానని వంటవానితో అనడం. ఒసాకా హోజెన్‌జి యోకొచోలో పుట్టిన కుషినొబో, టోక్యో నెజులో పాత మూడంతస్తుల చెక్క భవనంలో నడిచే హన్‌తె వంటివి ఈ మార్గంలో పేరున్నవి. ఇక్కడ పట్టిక చూసి ఎంచుకోవడమన్నది దాదాపు ఉండదు. కాలాన్ని బట్టి వసంతంలో వెదురు మొలక, వేసవిలో తియ్యని మొక్కజొన్న, చలికాలంలో ఆల్చిప్ప అంటూ ఒక్కొక్క పుల్లే వస్తుంది. ముందున్న పళ్లెంలో ఉప్పు, పొంజు అనే పుల్లటి రసం, ఆవ, సాస్ విడివిడి గుంటల్లో ఉంటాయి. దేనితో తినాలో చెబుతారు, లేదా ఆ గుంట వైపుకే పుల్లను ఉంచుతారు. మన పెళ్లి బంతిలో ఏ కూర తరువాత ఏది కలుపుకోవాలో పక్కనున్న పెద్దాయన చెప్పినట్టుంటుంది.

కొట్టును బట్టి కొన్నిచోట్ల ఇన్ని పుల్లలని వరుస ముందే ఖాయం. మరికొన్నిచోట్ల మనం ఆపమనేదాకా వస్తాయి. రెండో రకం దగ్గరే మనవారికి కష్టం. వడ్డించేవారిని వద్దనడం మర్యాద కాదన్న పెంపకం మనది; అరిటాకు మీద చెయ్యి అడ్డం పెట్టినా ఇంకొక గరిటె పడుతుందని తెలిసినవాళ్లం. ఇక్కడ ఆ మొహమాటం పనికిరాదు. పుల్ల పుల్లకూ డబ్బు పడుతుంది, వంటవాడు మీ మాట కోసమే చూస్తుంటాడు. ‘సుతొప్పు’ (స్టాప్) అంటే చాలు, ఆ మాట అక్కడ మామూలే. కడుపు ముప్పావు వంతు నిండగానే చెప్పండి; అప్పటికే బాణలిలో ఉన్న ఒకటి ఎలాగూ వస్తుంది, ఆ తరువాత అన్నమో టీనో ఉండవచ్చు.

నియమాలున్నవారు సీటు చెప్పుకునేటప్పుడే ఏం తినరో చెబితే, మంచి కొట్లు ఆ పుల్లలను మార్చి పెడతాయి. ఆ రోజు వెళ్లి కూర్చున్నాక చెబితే వంటవాడి వరుస చెడుతుంది. కూరగాయలే కావాలంటే చాలాచోట్ల చేపల రసం, అంటే దషి, ఏదో ఒక రూపంలో అడ్డుపడుతుంది. నా దృష్టిలో దీనికి తగిన అతిథి గొడ్డు మాంసం తప్ప మిగతావి తినేవారు, తిండి గురించి తీరికగా మాట్లాడుకోవడం ఇష్టమున్నవారు. పెళ్లిరోజుకు దంపతులు వెళ్లడానికి, సంస్థ తరఫున పెద్ద అతిథిని పిలవడానికి ఇది తగును. ఎనిమిదేళ్ల పిల్లవాడిని తీసుకువెళ్లి ప్రతి పుల్లకూ ఇదేమిటని అడిగించుకోవడం ఎవరికీ సుఖం కాదు.

## ఎవరు ఎటు వెళ్లాలి

గుడ్డు కూడా తినని శాకాహారులకు బఫే ఒక్కటే దారి, అదీ నూనె అడిగి, పూత మానేసి. గుడ్డు తినే శాకాహారులు బఫేతో పాటు, కూరగాయల నూనె వాడుతున్నామని చెప్పిన ఇజకాయాకు కూడా వెళ్లవచ్చు, బాణలి ఉమ్మడిదైనా ఫరవాలేదనుకుంటే. హలాల్ పాటించేవారికి నేను వీటిలో దేన్నీ ధైర్యంగా చెప్పలేను. బఫేలో కూడా జారుపిండి, సాస్, మాంసం అన్నీ విడివిడిగా అడగవలసి వస్తుంది, ఆ విచారణ అయ్యేసరికి ఇచ్చిన సమయం సగం గడిచిపోతుంది.

గొడ్డు మాంసం మాత్రమే తినని మాంసాహారులు, తెలుగువారిలో ఎక్కువమంది ఈ కోవలోనివారే, తమ నియమం ముక్కకేనా, నూనెకు కూడానా అని ముందు తమను తాము అడుగుకోవాలి. ముక్కకే అయితే పాత కౌంటర్ కొట్టు కూడా తెరిచే ఉంది: చికెన్, పంది, రొయ్య, కోడిగుడ్డుకన్నా చిన్నదైన కంజు గుడ్డు, ఎర్ర అల్లం చెప్పుకుని హాయిగా తినవచ్చు. నూనెకు కూడా వర్తిస్తుందంటే షిన్‌సెకాయ్ గోపురం చూసి, ఫొటోలు తీసుకుని, భోజనానికి బఫేకు వెళ్లడం మేలు.

తల్లిదండ్రులతో వారం రోజుల పర్యటనలో ఉన్నవారికి నేను చెప్పేది రెండుగా విడగొట్టుకోమని. ఒక మధ్యాహ్నం అందరూ కలిసి బఫేకు వెళ్లండి. అమ్మకు నూనె బెంగ ఉండదు, నాన్న చేతికి బాణలి ఇస్తే గంటసేపు కదలరు. ఇంకొక రోజు మూడు గంటలకు వారు గదిలో నడుము వాల్చినప్పుడు, ఒక్కరే జన్‌జన్ యోకొచోకు వెళ్లి బల్ల ముందు కూర్చుని నాలుగు పుల్లలు, మళ్లీ నాలుగు చెప్పండి. ఇక చాలనుకున్నప్పుడు ‘ఒకైకే ఒనెగాయ్‌షిమసు’ (బిల్లు చూడండి) అంటే వచ్చి లెక్క చూస్తారు, కొన్నిచోట్ల ఖాళీ పుల్లలు లెక్కపెట్టి. లెక్క అయ్యేదాకా పుల్లలు కిందపడేయకుండా బల్ల మీద వాటికోసం పెట్టిన గొట్టంలోనే ఉంచండి.